ఉడకబెట్టినంత మాత్రాన రాయి మారదు

మా అక్క కొడుకు హైదరాబాద్‌లో కొత్తగా చేపల తొట్టె పెట్టాడు. గాజు తొట్టె, మంచి లైటు, మొక్కల కోసం కార్బన్ డయాక్సైడ్ సిలిండర్, అన్నీ సమకూర్చుకున్నాడు. ఇంటికి ఫ్లోరింగ్ వేయించినప్పుడు మిగిలిన తాండూరు బండల ముక్కలు మేడ మీద పడి ఉంటే, వాటిని సుత్తితో పగలగొట్టి, పొరలు పొరలుగా పేర్చి కొండచరియలా కట్టాడు. ఫొటో పంపాడు. ఆ నీలి బూడిద రంగు, ఆ పొరల అంచులు చూస్తే నిజంగానే ముచ్చటేసింది. కొన్నాళ్ళకి ఫోన్ చేశాడు. "మామయ్యా, వీడియోలో చెప్పినట్టే రాళ్ళన్నీ గంటసేపు ఉడకబెట్టాను. అయినా పీహెచ్ రోజురోజుకీ పైకి పోతోంది. కార్డినల్ టెట్రా చేపలు ఓ మూలకి చేరి కదలట్లేదు. టెన్షన్‌గా ఉంది. తీసి ఇంకోసారి ఉడకబెట్టమంటావా?"

ఆ చివరి ప్రశ్నే నా చేత ఇది రాయిస్తోంది. వాడు చూసిన వీడియో నేనూ చూశాను. అలాంటివే తెలుగులో, హిందీలో ఇంకొన్ని చూశాను. అన్నిట్లోనూ వరస ఒకటే. రాయిని కడుగు, ఉడకబెట్టు, వినెగర్ చుక్క వెయ్యి, నురగ రాకపోతే తొట్టెలో పెట్టు. తొట్టెలో అలంకరణకి పెట్టే కర్రనీ ఉడకబెట్టు, రంగు పోయేదాకా ఉడకబెట్టు. క్రిముల భయం తప్ప వేరే ఆలోచన కనిపించదు. ఇది ఏ రాయి, ఎక్కడిది, దీన్ని పెట్టబోయే నీళ్ళు ఎలాంటివి, ఆ నీళ్ళలో బతకాల్సిన చేప ఏది అని ఒక్కరూ అడగరు. నా ఉద్దేశంలో తయారీ అంటే ముప్పావు వంతు ఈ ప్రశ్నలకి జవాబు వెతుక్కోవడమే. మిగతాది బ్రష్షు, ఎండ, ఓపిక. స్టవ్వుకి అందులో చోటు చాలా తక్కువ, అదీ కర్ర విషయంలోనే.

ఉడకబెడితే పోయేవి, పోనివి

రాయికి అంటుకున్న పాచి, నత్తగుడ్లు, చిన్నచిన్న పురుగులు ఉడకబెడితే చచ్చిపోతాయి. ఒప్పుకుంటాను. కానీ తాండూరు బండ సున్నపురాయి. చాలావరకు కాల్షియం కార్బొనేట్. గంట ఉడికించినా, పూటంతా ఉడికించినా అది కాల్షియం కార్బొనేట్‌గానే ఉంటుంది. నీళ్ళలో కరిగిన కార్బన్ డయాక్సైడ్ పలచని ఆమ్లమై ఆ రాయిని కొద్దికొద్దిగా కరిగిస్తుంది. కాల్షియం, బైకార్బొనేట్ నీళ్ళలోకి దిగుతాయి. కఠినత్వం పెరుగుతుంది, దాంతోపాటు పీహెచ్ ఎక్కుతుంది, అంటే నీళ్ళు క్షారం వైపు జరుగుతాయి. నంద్యాల జిల్లాలో బెలుం గుహల్ని, అరకు దారిలో బొర్రా గుహల్ని తొలిచింది ఈ చర్యే. అక్కడ వాన నీళ్ళకి లక్షల ఏళ్ళు పట్టింది. మావాడు సిలిండర్ పెట్టి మరీ గ్యాస్ వదులుతున్నాడు, పైగా తొట్టె నిండా ఖనిజాలు దాదాపు లేని ఆర్‌ఓ నీళ్ళు పోశాడు. సున్నపురాయిని కరిగించడానికి అంతకంటే అనువైన ఏర్పాటు లేదు.

ఇక ప్రమాదం సంగతి. రాయిలో కంటికి కనిపించని పగుళ్ళు ఉంటాయి, వాటిలో తేమ ఉంటుంది. వేడెక్కితే ఆ తేమ ఆవిరై, దారి దొరక్క రాయిని పగలగొడుతుంది. పొరలుగా ఉండే రాళ్ళకి, ఏళ్ళ తరబడి నీళ్ళలో నానిన ఏటి రాళ్ళకి ఈ ముప్పు ఎక్కువ. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయని మనవాళ్ళు ఊరికే అనలేదు. ఎండకే అలా ఉంటే ఓవెన్‌లో, గ్యాస్ మంట మీద ఏమవుతుందో చెప్పక్కర్లేదు. సముద్రపు తొట్టెల్లోంచి తీసిన రాళ్ళయితే అసలే ఉడకబెట్టకూడదు. వాటికి అంటుకుని ఉండే కొన్ని జోవాంథిడ్ జాతి జీవుల్లో పాలిటాక్సిన్ అనే విషం ఉంటుంది. వేడి చేసినప్పుడు వచ్చే ఆవిరి పీల్చి ఆసుపత్రి పాలైనవాళ్ళు వేరే దేశాల్లో ఉన్నారు. మన దగ్గర ఉప్పునీటి తొట్టెలు తక్కువే కానీ, పాత తొట్టె సామాను చవగ్గా కొనేవాళ్ళు ఈ ముక్క గుర్తుంచుకోవాలి.

మరి మురికి? కొబ్బరి పీచుతోనో గట్టి బ్రష్షుతోనో తోమి, సందుల్లో మట్టి ఉంటే స్క్రూడ్రైవర్‌తో గీకి, పారే నీళ్ళ కింద కడిగి, ఎండలో పడేయండి. మన ఎండకాలంలో రెండు మూడు వారాలు మేడ మీద ఎండితే, నీటిలో బతికే జీవి ఏదీ దాని మీద మిగలడం కష్టం. సబ్బు, గిన్నెలు తోమే పౌడరు వాడొద్దు. సహజమైనదని కుంకుడు రసం వాడేవాళ్ళున్నారు. అదీ వద్దు. కుంకుడులో నురగనిచ్చే సపోనిన్లు చేపల మొప్పలకి విషం. సపోనిన్లున్న కాయలు, బెరళ్ళు దంచి మడుగుల్లో కలిపి చేపలు పట్టే పద్ధతి చాలాచోట్ల అడవి ప్రాంతాల్లో ఉండేది.

మన కాళ్ళ కింది రాళ్ళు

తెలంగాణలో ఉన్నవాళ్ళకి ఈ విషయంలో అదృష్టం ఉంది. హైదరాబాద్ చుట్టూ ఉన్న బూడిద, గులాబీ రంగు గ్రానైట్లు దాదాపు 250 కోట్ల ఏళ్ళ నాటివి. అక్వేరియం నీళ్ళలో అవి చెప్పుకోదగ్గంత కరగవు. తెల్లగా మెరిసే పలుగురాళ్ళూ అంతే. వికారాబాద్ వైపు, ఆదిలాబాద్ వైపు దొరికే నల్లరాయి దక్కను లావా చల్లారి ఏర్పడిన బసాల్టు. అదీ మంచిదే. కాకపోతే బసాల్టులో చిన్న చిన్న గుంటలుంటాయి, వాటిలో తెల్లటి పదార్థం పేరుకుని ఉంటుంది. ఆ తెలుపు ఒక్కోసారి కాల్సైట్, అంటే కాల్షియం కార్బొనేటే, కావచ్చు. పరీక్ష చేయాల్సింది ఆ తెల్ల మచ్చని, చుట్టూ ఉన్న నల్లరాయిని కాదు.

ఇక సున్నం వైపు. తాండూరు బండలు, కడప బండలు, బేతంచెర్ల నాపరాళ్ళు, పల్నాడు రాళ్ళు అన్నీ సున్నపురాళ్ళే. పిడుగురాళ్ళలో సున్నపు బట్టీలు ఊరికే రాలేదు. ఒక కొండగుర్తు చెబుతాను. సిమెంటు ఫ్యాక్టరీ ఉన్న ఊరి రాయిని పరీక్షించకుండా తొట్టెలో పెట్టకండి. తాండూరు, ఎర్రగుంట్ల, జగ్గయ్యపేట, మేళ్ళచెరువు... ఫ్యాక్టరీలు అక్కడికి వచ్చింది సున్నపురాయి కోసమే. పాలరాయి కూడా కాల్షియం కార్బొనేటే.

అసలు తొట్టెలోకి తేకూడనివి వేరే ఉన్నాయి. లోహంలా తళుక్కుమనే రాళ్ళు, ఆకుపచ్చ, నీలి మరకలున్న రాళ్ళు వదిలేయండి. ఆ మరకలు రాగివి కావచ్చు. వినుకొండ దగ్గర అగ్నిగుండాలలో ఒకప్పుడు రాగి, సీసం తవ్వారు. రాగి చాలా కొద్ది మోతాదులో ఉన్నా రొయ్యలకి, నత్తలకి ప్రాణాంతకం. నారలా పోగులు విడిపోయే రాయిని చేత్తో తాకకండి కూడా. పులివెందుల ప్రాంతంలో రాతినార (ఆస్బెస్టాస్) గనులుండేవి.

ఇసుక గురించి ఒక్క మాట. ఇల్లు కట్టే చోట కుప్ప పోసిన ఏటి ఇసుకని గుప్పెడు తీసి అరచేతిలో పరిచి, ఫోన్ టార్చి వేసి చూడండి. గాజుముక్కల్లా మెరిసేవి పలుగు రేణువులు, వాటితో ఏ ఇబ్బందీ లేదు. మధ్యలో పాలిపోయిన తెల్లటి నత్తగుల్లల పెంకులు, వేలిగోరంత ఆల్చిప్ప ముక్కలు కనిపిస్తాయి. ఒకప్పుడు గుల్ల సున్నం కాల్చింది వీటితోనే. జల్లెడ పట్టి వీలైనంత తీసేయాలి.

ఇంత చెప్పాక షాపు రాళ్ళ గురించి చెప్పకపోతే ఎలా? జపాన్‌కి చెందిన తకాషి అమానో వల్ల కేవలం రాళ్ళతో తొట్టెని అలంకరించే పద్ధతి ప్రపంచమంతా పాకింది. ఆ మోజులో సీర్యూ పేరుతో కిలోల లెక్కన రాళ్ళు అమ్ముతున్నారు. ఆ పేరుతో వచ్చే రాళ్ళు చాలావరకు సున్నం ఉన్నవే. అంటే గుణంలో మావాడి తాండూరు బండకి చుట్టాలే. షాపులో కొన్నాం కాబట్టి పరీక్ష అక్కర్లేదు అనుకోవడానికి వీల్లేదు.

వినెగర్ చుక్క సగమే చెబుతుంది

మావాడి ఇంటికి వెళ్ళినప్పుడు ఇద్దరం కలిసి ఒక బండ ముక్క మీద వినెగర్ వేసి చూశాం. నున్నటి పైభాగం మీద చుక్క అలాగే నిలిచింది. "చూశావా, ఏం రావట్లేదు" అన్నాడు. మేకుతో ఆ రాయిని గట్టిగా గీకి, రాలిన తెల్లటి పొడి మీద ఇంకో చుక్క వేశాను. ఫోన్ టార్చి దగ్గర పెడితే, పొడి అంచు వెంబడి ఆవగింజలో సగం కూడా లేని బుడగలు ఒకదాని వెనక ఒకటి లేచాయి. నురగ కాదు, బుడగలు. రాయిలో సున్నం ఉందని చెప్పడానికి అవి చాలు. వీడియోల్లో చూపించేంత పొంగు కోసం ఎదురుచూసేవాళ్ళకి ఇది కనిపించదు.

వినెగర్ చాలా బలహీనమైన ఆమ్లం, సీసాలో ఉండేది దాదాపు ఐదు శాతం. సున్నంతో పాటు మెగ్నీషియం కూడా ఉండే డోలమైట్ దానికి దాదాపు చలించదు. ఖమ్మం జిల్లా మాదారంలో డోలమైట్ గనులున్నాయి. అలాంటి రాయి వినెగర్ పరీక్ష పాసవుతుంది, తొట్టెలో మాత్రం మెల్లగా కరుగుతుంది. బాత్రూమ్ యాసిడ్ వాడితే ఖాయంగా తెలుస్తుంది. కానీ ఆరుబయట, గ్లవుజులు, కళ్ళద్దాలు పెట్టుకుని, ఒకే ఒక చుక్క వేయాలి. దగ్గర్లో బ్లీచింగ్ ఉండకూడదు. రెండూ కలిస్తే క్లోరిన్ గ్యాస్ వస్తుంది. ఇంట్లో పిల్లలుంటే ఈ పరీక్ష మానేయమనే చెబుతాను.

దానికంటే నమ్మకమైనది రెండు బకెట్ల పరీక్ష. రెండిట్లో ఒకే రకం ఆర్‌ఓ నీళ్ళు సమానంగా పోయండి. ఒకదాంట్లో బాగా కడిగిన రాళ్ళు వేయండి, రెండోది ఖాళీగా ఉంచండి. మూతలు పెట్టి, రెండు వారాల పాటు అప్పుడప్పుడు టీడీఎస్, అంటే నీళ్ళలో కరిగి ఉన్న లవణాల మొత్తం, చూడండి. వాటర్ ఫిల్టర్ సర్వీసుకి వచ్చే కుర్రాళ్ళ దగ్గర ఉండే పెన్ను లాంటి మీటరే, ఖరీదు ఎక్కువేం కాదు. ఖాళీ బకెట్ ఎందుకని చాలామంది అడుగుతారు. నీళ్ళు ఆవిరైనా టీడీఎస్ పెరుగుతుంది. రాయి వల్ల పెరిగిందా, ఎండ వల్ల పెరిగిందా తెలియాలంటే పోల్చుకోవడానికి అది ఉండాలి. మావాడి బండ వేసిన బకెట్లో అంకె ఎక్కుతూనే పోయింది. పక్కన వేరే బకెట్లో వేసిన గ్రానైట్ ముక్క దాదాపు ఉన్నచోటే ఉంది. ఇంత చూశాక వాడు ఇంకోసారి ఉడకబెట్టే మాట ఎత్తలేదు.

అయితే నాపరాయి చెడ్డదా?

ఇక్కడికి వచ్చేసరికి నాకు ఎప్పుడూ వినిపించే ఆక్షేపణ ఒకటుంది. "పదేళ్ళుగా కడప రాళ్ళే వాడుతున్నా, నా చేపలకి ఏమీ కాలేదు" అంటారు. అబద్ధం చెప్పట్లేదు. వాళ్ళ నీళ్ళు అడిగి చూడండి, చాలావరకు బోరు నీళ్ళే. బోరు నీళ్ళలో కాల్షియం, బైకార్బొనేట్ ముందే నిండుగా ఉంటే, సున్నపురాయి అందులో ఇంకా కరగడానికి పెద్దగా అవకాశం ఉండదు. పైగా వాళ్ళు పెంచేది గప్పీలు, మోలీలు. అవి కఠిన జలంలో హాయిగా పిల్లల్ని పెడతాయి.

తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం కఠినత్వం లీటరుకి 200 మిల్లీగ్రాముల లోపు ఉండాలి, వేరే దిక్కు లేకపోతే 600 దాకా సరిపెట్టుకోవచ్చు. అక్వేరియం కిట్లు చూపించే ఒక డిగ్రీ దాదాపు 17.8 మిల్లీగ్రాములు. అంటే 600 అంటే 33 డిగ్రీల పైమాటే. కార్డినల్ టెట్రా పుట్టిల్లు అమెజాన్‌కి ఉపనది అయిన రియో నీగ్రో, అక్కడి నీళ్ళలో ఖనిజ లవణాలు లేవన్నంత తక్కువ. అలాంటి చేపని ఆ బోరు నీళ్ళలో వేసి గ్రానైట్ పెట్టినా సుఖపడదు. అదే ఆఫ్రికాలోని మలావి, టాంగన్యికా సరస్సుల సిక్లిడ్ చేపలకైతే కఠినమైన, క్షార గుణమున్న నీళ్ళే కావాలి. వాటికి నాపరాయి వరం. మావాడి బండలన్నీ ఇప్పుడు వాడి స్నేహితుడి సిక్లిడ్ తొట్టెలో గుహలయ్యాయి. సిక్లిడ్లు ఇసుక తవ్వుతాయి కాబట్టి రాళ్ళని ఇసుక మీద కాకుండా, ముందు అడుగున థర్మోకోల్ షీటు పరిచి దాని మీద నిలబెట్టి, తర్వాత ఇసుక పోయించాను.

కాబట్టి ఫలానా రాయి సేఫా అని అడిగితే నేను జవాబు చెప్పలేను. ఏ నీళ్ళలో, ఏ చేపకి అన్నది కూడా చెబితేనే ఆ ప్రశ్న పూర్తవుతుంది.

కర్రకి కావలసింది కాలం

కర్ర దగ్గర నా పట్టుదల కొంత సడలుతుంది. కర్రని ఉడకబెట్టడంలో ప్రయోజనం ఉంది. చెక్కలో కణాల గోడలు నీటికంటే దాదాపు ఒకటిన్నర రెట్లు బరువు. కర్రని తేల్చేది లోపల చిక్కుకున్న గాలే. ఉడికిస్తే ఆ గాలి బయటికి పోయి నీళ్ళు చేరతాయి, త్వరగా మునుగుతుంది, రంగు కొంత దిగుతుంది. చిన్న కర్రయితే, మళ్ళీ వంటకి వాడని పాత్ర ఉంటే, నిరభ్యంతరంగా చేయండి. గంటల కొద్దీ, రోజూ ఉడికిస్తే మాత్రం పైపొర మెత్తబడి త్వరగా కుళ్ళుతుంది. పాత్రలో పట్టని పెద్ద మోడుకి డ్రమ్ము తప్ప గతి లేదు. డ్రమ్ములో రాయి కట్టి ముంచి వారాలు, ఒక్కోసారి నెలలు నానబెట్టాలి. మన ఊళ్ళలో దీనికి ఒక షరతు ఉంది. డెంగీ దోమ పెరిగేది ఇలాంటి నిలవ నీళ్ళలోనే. దోమతెర గుడ్డ గట్టిగా బిగించి, వారం తిరగకుండా నీళ్ళు పారబోసి కొత్తవి పట్టాలి. అలా మార్చడం కర్రకీ మంచిదే.

కానీ నానబెట్టే ముందు చూడాల్సింది చూడాలి. బొటనవేలి గోరుతో నొక్కితే దిగిపోయే కర్ర అప్పటికే పుచ్చినది. బెరడు గీకితే కింద పచ్చగా ఉందంటే ఇంకా పచ్చి. బెరడంతా ఒలిచేయాలి, లేకపోతే నీళ్ళలో అదే ముందు కుళ్ళుతుంది. గన్నేరు, జిల్లేడు, జెముడు లాంటి పాలు కారే, విషమున్న మొక్కల కర్రలు వద్దు. వేప కూడా నేను వాడను. దానిలోని అజాడిరాక్టిన్ పురుగులకే కాక రొయ్యల జాతికీ హాని చేస్తుంది. బాగా ఎండిన జామ కొమ్మలు, వాటి మెలికలు, నున్నటి ఒళ్ళు తొట్టెలో ఎంత అందంగా ఉంటాయో చూసినవాళ్ళకే తెలుసు. బీచిలో దొరికే సరుగుడు ముక్కల్లో ఉప్పు ఇంకి ఉంటుంది. నానబెట్టిన నీళ్ళ టీడీఎస్ పెరగడం ఆగేదాకా వాటిని నమ్మొద్దు.

నీళ్ళకి దిగే రంగు చూసి భయపడేవాళ్ళు చాలామంది. టీ డికాషన్ రంగులో ఉండే ఆ నీళ్ళలో ఉన్నవి టానిన్లు, హ్యూమిక్ పదార్థాలు. తుమ్మ చెక్కతో, తంగేడు చెక్కతో తోళ్ళు పదును చేసేది ఈ టానిన్ల కోసమే. నూలు వలల రోజుల్లో జాలర్లు బెరడు ఉడికించిన నీళ్ళలో వలలు నానబెట్టేవారు, కుళ్ళకుండా. మామూలు మోతాదులో ఇవి చేపకి చేసే చెడు లేదు. రియో నీగ్రో నీళ్ళ రంగు ఇదే. మీ కంటికి నచ్చకపోతే నీళ్ళు మార్చండి, యాక్టివేటెడ్ కార్బన్ పెట్టండి, అది వేరే సంగతి. కర్ర పెడితే పీహెచ్ తగ్గుతుందన్న మాట మాత్రం మన బోరు నీళ్ళలో చాలాసార్లు నిజం కాదు. బైకార్బొనేట్ అంత ఉన్నప్పుడు టానిన్లు దాన్ని కదిలించలేవు.

కొత్త కర్ర మీద కొద్ది రోజులకి తెల్లగా దూదిలా, జిగురుగా ఒక పొర పడుతుంది. దాన్ని చూసి కర్రని బయటికి తీసి మళ్ళీ ఉడకబెట్టేవాళ్ళని చూస్తే బాధేస్తుంది. కర్రలో మిగిలిన చక్కెరలు తినే ఫంగస్, బాక్టీరియా అవి. కొన్ని వారాల్లో తిండి అయిపోయి వాటంతట అవే పోతాయి. ఈలోపు నత్తలు, రొయ్యలు దాన్ని ఇష్టంగా తింటాయి. మరీ దట్టంగా ఉంటే బ్రష్షుతో రుద్ది పైపుతో లాగేస్తే సరి. కర్రని తీసి ముక్కు దగ్గర పెట్టుకుంటే కుళ్ళిన కోడిగుడ్ల వాసన వస్తే మాత్రం లోపల కుళ్ళు మొదలైనట్టే. అప్పుడు తీసి పారేయాలి. రోజులు గడిచిన తొట్టెలో రాయి మీద, కర్ర మీద చేపల వ్యర్థాల్ని శుద్ధి చేసే బాక్టీరియా స్థిరపడి ఉంటుంది. శుభ్రత పేరుతో వాటిని ఉడకబెడితే తొట్టెలో ఆ బాక్టీరియా అంత మేరకు చచ్చిపోతుంది.

బ్లీచింగ్ గురించి అడుగుతారు. జబ్బు వచ్చిన తొట్టెలో వాడిన గట్టి రాళ్ళకి పలచటి బ్లీచ్ వాడి, బాగా కడిగి, షాపుల్లో దొరికే యాంటీ క్లోరిన్ కలిపిన నీళ్ళలో నానబెట్టి, ఎండబెట్టొచ్చు. కర్రకి వద్దు, లోపలికి పీల్చుకుంటుంది.

ఎక్కడి నుంచి తేవాలి

నన్ను నిజంగా ఇబ్బంది పెట్టే ప్రశ్న ఇది. మన రాళ్ళు, మన కర్రలు వాడండి అని రాస్తున్నాను. ఇది చదివి నలుగురు వెళ్ళి వాగుల్లో రాళ్ళు ఏరితే? ఏటి రాయిని తిరగేసి చూడండి. అడుగున పురుగుల పిల్లలు, చిన్న నత్తలు, చేపగుడ్లు కూడా కనిపించవచ్చు. మనకి అలంకారమైనది వాటికి ఇల్లు. నల్లమల లాంటి అభయారణ్యాల్లోంచి, పాపికొండల్లాంటి జాతీయ పార్కుల్లోంచి తేవడం ఎలాగూ 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. పగడపు రాళ్ళ జోలికి అసలే వెళ్ళకూడదు, వాటికీ ఆ చట్టం రక్షణ ఉంది. గోదావరి వరదకి కొట్టుకొచ్చే దుంగల కోసం ప్రాణాలకి తెగించి నీళ్ళలోకి దిగేవాళ్ళని ఏటా వార్తల్లో చూస్తున్నాం. చేపల తొట్టె కోసం అంత సాహసం అక్కర్లేదు.

నేను వాగుల వైపు వెళ్ళను. పునాదులు తవ్వేచోట బయటపడే గ్రానైట్ పలకలు, రోడ్డు వెడల్పు చేసేటప్పుడు పగిలిన బండలు, గ్రానైట్ కటింగ్ యూనిట్ల వెనక గుట్టలుగా పారేసిన ముక్కలు మనకి కావలసినంత ఉన్నాయి. అడిగితే ఎవరూ కాదనరు. కర్ర కావాలంటే ఊళ్ళో తోట ఉన్నవాళ్ళకి చెప్పి ఉంచండి, ఎండిపోయిన జామచెట్టు తీసేసేటప్పుడు వేరు మోడు మీకు ఉంచుతారు. కటింగ్ యూనిట్ నుంచి తెచ్చిన ముక్కయితే రంపం ఆడిన వైపు మిషన్ ఆయిల్ మరక ఉందేమో చూడండి. ఉంటే అక్కడే వదిలేసి వేరేది ఏరుకోండి, అది ఎంత తోమినా పోదు.